ఆరని నీరు

"సంతకం పెడతావా, పెట్టవా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు."

రుకయ్యా కాగితాన్ని వంటింటి బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా దాని మీద ఉప్పు డబ్బా పెట్టింది. ఐదు రోజులుగా ఆస్పత్రి కుర్చీలోనే కునుకు తీస్తున్న మనిషి. కళ్ల కింద నల్లగా కమిలిపోయింది. తల మీది ముసుగు ఒక పక్కకి జారినా సర్దుకునే ఓపిక లేదు.

విదాద్ కాగితం వంక చూడలేదు. పొద్దుట్నుంచి పదిసార్లు చదివింది. పరిశోధనశాల ఇంజినీరు నౌఫెల్ త్రీకీ రక్షణ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పొగ లాగే అరకి ఉన్న గాజు తలుపు ఎత్తవలసినదానికన్నా పైకెత్తి నమూనా తీయడం వల్లనే ప్రమాదం జరిగింది; మిశ్రమాన్ని గంటసేపు ఆరబెట్టడంతో సహా తక్కిన పనులన్నీ నియమం ప్రకారమే జరిగాయి. కింద ప్రొఫెసర్ లస్సాద్ సంతకం. దాని పక్కన ఖాళీ. మిశ్రమం తయారుచేసిన పరిశోధక విద్యార్థిని అక్కడ సంతకం చెయ్యాలి.

ఆ విద్యార్థిని విదాద్. ఆ ఇంజినీరు ఆమె సొంత అన్న.

"కాస్త ఆలోచించుకోనీ వదినా."

"ఏముందని ఆలోచించడానికి? పన్నెండేళ్లు ఆ గాజుసామానుతో కాపురం చేశాడు మీ అన్నయ్య. నాతో చేసింది ఎనిమిదేళ్లే. ఒక్కనాడైనా ఒక్క బొట్టు ఒలకబోశాడా? ఇప్పుడు తప్పంతా అతనిదేనట. మీ ప్రొఫెసరుగారు రాశారు. చెల్లెలు కింద సంతకం పెడుతుంది. బాగుంది."

"పెడతానని నేను అన్నానా?"

"పెట్టనని కూడా అనలేదుగా!"

పొయ్యి దగ్గర నిలబడి బార్లీ సూపు కలుపుతున్న తల్లి సాల్హా గరిటె దించింది. "మీ అరుపులు పక్కింటి నిమ్మచెట్టు దాకా వినిపిస్తున్నాయి. రుకయ్యా, కూర్చుని రెండు ముద్దలు తిను. విదాద్, నువ్వూ తిను. నిన్న కూడా ఏం తినలేదు."

"నాకు ఆకలి లేదమ్మా."

"ఐదు రోజుల్నుంచి లేదు నీకు ఆకలి," అంది రుకయ్యా. గొంతు తగ్గించింది కానీ మాట తగ్గించలేదు. "ఆస్పత్రికి కూడా రెండుసార్లే వచ్చావు. వచ్చినా గుమ్మం దగ్గరే. మీ అన్నయ్య 'విదాద్ వచ్చిందా' అని అడిగితే 'వచ్చింది' అని నేనే చెప్పాను, నువ్వు నోరు విప్పలేదు కాబట్టి. నీకు భయం. ప్రొఫెసరంటే భయం, పట్టా పోతుందని భయం. అంతేనా?"

విదాద్ చేతులు బల్ల కిందికి లాక్కుంది. భయం మాట నిజమే. కానీ ఏ భయమో వదినకి తెలియదు.

మూడున్నర దాటాక వీధి తలుపు చప్పుడైంది. విదాద్ కుర్చీలో ఉలిక్కిపడింది.

* * *

లస్సాద్ ఖర్జూరాల పెట్టె పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి నడుస్తాడు. హజ్ యాత్ర చేసొచ్చిన సాల్హా ముందు ఇంకొంచెం వంగాడు.

"హజ్జా, ఎలా ఉన్నారు? నౌఫెల్ ఎలా ఉన్నాడు?"

"కట్లలో ఉన్నాడు సీ లస్సాద్," అంది ఆమె, మర్యాదకి పేరు ముందు 'సీ' చేర్చి. "మీరు వెళ్లి చూశారా?"

"రేపు వెళ్తాను. ఈ కమిటీ పనులు..." అతను గొంతు సవరించుకున్నాడు. "రేపు పది గంటలకి విచారణ. ఆలోపు ఈ కాగితం అందాలి. అందుకే నేనే వచ్చాను."

రుకయ్యా గుమ్మంలో నిలబడి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

సాల్హా కాఫీ తెచ్చింది. అతను ఒక గుక్క తాగి, జేబులోంచి ఫోను తీశాడు. ఆ క్షణంలో అతని ముఖం మారిపోయింది. సిగ్గుపడుతూనే వెలిగింది.

"విదాద్, ఇది చూడు. ఇప్పుడు చూపించకూడదేమో, కానీ చూడు. ఆరోజు ఫ్లాస్కులో మిగిలిన దాన్ని మైక్రోస్కోపుకి పంపించాం కదా, ఫొటోలు వచ్చాయి."

బూడిదరంగు తెర మీద నల్లటి చదరాలు. వందలు. ఒకదానికొకటి తేడా లేకుండా, నాలుగు మూలలూ పదునుగా, గచ్చు మీద బిళ్లలు పరిచినట్టు వరసలు కట్టి ఉన్నాయి.

"ఏమిటివి?" అంది సాల్హా, కూతురి భుజం మీదుగా వంగి.

"ఇనుప ఆక్సైడ్ స్ఫటికాలమ్మా," అంది విదాద్. "ఒక వెంట్రుక అడ్డకొలతలో ఇలాంటివి ఆరువేలు పేర్చొచ్చు."

"ఇనుమా? మీరు నూనె కాస్తారని కదా నౌఫెల్ చెప్పాడు?"

"ఆలివ్ నూనెలోని ఆమ్లాన్ని ఇనుముతో కలిపితే ఒక రకం సబ్బు వస్తుంది. దాన్ని ఇంకో నూనెలో వేసి మూడువందల ఇరవై డిగ్రీల దాకా కాస్తాం. చాలాసేపు ఏమీ జరగదు. తర్వాత ఒక్కసారిగా మొలకలు పుడతాయి. అన్నీ ఒకేసారి. ఆ తర్వాత కొత్తవి పుట్టవు, పుట్టినవే పెరుగుతాయి. ఎలా పెరుగుతున్నాయో తెలియాలంటే నిమిషానికోసారి సూదితో కొంచెం తీసి దాచాలి. అన్నయ్య చేసేది ఆ పని."

"మామూలుగా గుండ్రంగా వస్తాయి హజ్జా, ఆవాల్లాగా," అన్నాడు లస్సాద్. "పన్నెండుసార్లు చేశాం. ఎనిమిదిసార్లు గుండ్రంగా వచ్చాయి. నాలుగుసార్లు ఇలా చదరంగా. ఎందుకో తెలియదు. చదరంగా ఉన్నవి అయస్కాంతానికి ఇంకా బాగా లొంగుతాయి, వైద్యానికి పనికొస్తాయి. ఈ ఎందుకు అన్నది తేలితే చాలు, మా లాబు పేరు..."

"ఈ గళ్ల కోసమా నా కొడుకు కళ్లు కాల్చుకున్నది?"

సాల్హా గట్టిగా అనలేదు. మామూలుగానే అడిగింది. లస్సాద్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

కాఫీ మీద మీగడ కట్టింది.

"నాకు అర్థం కానిది ఒకటుంది సీ లస్సాద్," అంది సాల్హా మళ్లీ. "నూనె మరుగుతున్నప్పుడు నీళ్ల చుక్క పడితే ఒళ్లంతా చిమ్ముతుంది. అది వంటింట్లో పుట్టిన ప్రతిదానికీ తెలుసు. ఉత్తి నూనె అలా పేలదు. మీ గాజుబుడ్డిలోకి నీళ్లెలా వచ్చాయి?"

"నీళ్లు ఉండవు హజ్జా. ముందే నూటపది డిగ్రీల దగ్గర పంపు పెట్టి గంటసేపు లాగేస్తాం. పూర్తిగా ఆరిపోతుంది." అతను విదాద్ వైపు తిరిగాడు. "గంటసేపు ఆరబెట్టావు కదా?"

అతను ఊరికే అడిగాడు. జవాబు ముందే కాగితంలో ఉంది.

విదాద్ నోరు తెరిచింది. తల ఊపిందో లేదో ఆమెకే తెలియలేదు. అతను ఊపిందనుకున్నాడు.

"అదే మరి. సరే, ఇక్కడ సంతకం పెట్టు తల్లీ. నేను ఐదింటికల్లా లాబులో ఉండాలి. షీరాజ్ పెద్ద ఫ్లాస్కు పెడుతోంది."

విదాద్ తల ఎత్తింది. షీరాజ్ తనతోపాటే చేరిన పిల్ల. పక్క బల్ల.

"పెద్ద ఫ్లాస్కా? లాబు మూసేశారు కదా?"

"మన పొగ లాగే అర ఒక్కటే మూశారు. ఆ పిల్ల పక్క అరలో చేస్తోంది, పది రెట్లు. ఆ నాలుగుసార్లూ ఏం తేడా జరిగిందో కనిపెట్టిందట. నాకు కూడా చెప్పడం లేదు, చేసి చూపిస్తానంటోంది." అతను నవ్వబోయి ఆగాడు. "అడిగింది రెండే రెండు. స్వేదనజలం, ఒక చిన్న సిరంజి."

విదాద్ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఆపమనండి."

"ఏమిటి?"

"షీరాజ్‌ని ఆపమనండి ఉస్తాద్. ఇప్పుడే ఫోన్ చెయ్యండి."

"ఎందుకు?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమంటే ఏమిటో విదాద్‌కి ఐదు రోజులుగా తెలుసు. చదరాలు ఎందుకు వచ్చాయో చెప్పడం, అన్నయ్య ముఖం ఎవరివల్ల కాలిందో చెప్పడం, రెండూ ఒకటే మాట. ఒకటి దాచి రెండోది చెప్పడానికి వీల్లేదు. ఎన్ని రకాలుగా తిప్పి చూసినా కుదరలేదు.

"ఫ్లాస్కులో నీళ్లున్నాయి," అంది. "ఆరోజు. గంట కాదు. ఇరవై నిమిషాలే ఆరబెట్టాను."

గుమ్మంలో రుకయ్యా కదల్లేదు.

"నోట్‌బుక్‌లో అరవై అని ఉంది," అన్నాడు లస్సాద్ మెల్లగా.

"నేనే రాశాను. అలవాటుగా రాసేశాను. పంపు కొన్ని రోజులు రెండింటి దాకా మనకి దొరకదు. అన్నయ్య నాలుగింటికి పాపని బడి నుంచి తీసుకురావడానికి వెళ్లిపోతాడు. అన్నయ్య చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ ఆ సూదికి నిలకడగా ఉండదు. అందుకని ఆరబెట్టడం తగ్గించాను. ఆరోజొక్కటే కాదు. నాలుగుసార్లు." ఊపిరి అందక ఆగింది. "ఆ నాలుగుసార్లే చదరాలు వచ్చాయి. పాత తేదీలన్నీ ముందేసుకుని చూసుకున్నాను, ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు. మిగిలిపోయిన నీరే మొలకలు పుట్టే వేళని మారుస్తోంది. మారితే పెరిగే తీరు మారుతోంది. పక్క బల్ల నుంచి నన్ను చూసి షీరాజ్ అది కనిపెట్టి ఉంటుంది. కానీ ఆ నీరు పైకి పోయి చల్లటి గొట్టంలో చెమటలా పడుతుందని, అక్కడినుంచి మూడువందల డిగ్రీల నూనెలోకి తిరిగి కారుతుందని ఆ పిల్లకి తట్టి ఉండదు. నాకూ తట్టలేదు."

లస్సాద్ గడ్డం రుద్దుకున్నాడు. "నువ్వు భయంలో ఏదేదో..."

"భయంలోనే చెబుతున్నాను ఉస్తాద్. ఫోన్ చెయ్యండి."

అతను చేశాడు. మోగి మోగి ఆగింది. మళ్లీ చేశాడు. లాబులోకి వెళ్లేవాళ్లు ఫోన్లు బయట బుట్టలో పెట్టి వెళ్లాలి. ఆ నియమం పెట్టింది అతనే.

"పద," అన్నాడు, కారు తాళాలు వెతుక్కుంటూ. విదాద్ సంతకం లేని కాగితాన్ని బ్యాగులో కుక్కుకుంది.

సాల్హా దారిలో నిలబడింది. "నౌఫెల్‌కి తెలుసా?"

"లేదమ్మా."

సాల్హా పక్కకి తప్పుకుంది. కింద పడ్డ కుర్చీ ఎత్తి, దాని మీద కూర్చుని, ఒడిలో చేతులు పెట్టుకుంది.

రుకయ్యా వంటింట్లోకి వెళ్లి సూపు ఫ్లాస్కు మూత బిగించింది. చెప్పులు వేసుకుంది. విదాద్ పక్కనుంచే నడిచి వీధిలోకి వెళ్లింది. తిట్టలేదు. చూడనైనా చూడలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది విదాద్‌కి.

* * *

ఆలివ్ కాయల సీజను. లారీలు రోడ్డుకి అడ్డంగా నిలబడి మిల్లుల్లోకి బస్తాలు దించుతున్నాయి. లస్సాద్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

"ఎన్ని డిగ్రీల దాకా వెళ్లి ఉంటుంది?" అన్నాడు ఒక చోట.

"ఎప్పుడు మొదలుపెట్టింది?"

"మూడున్నరకి అంది."

విదాద్ లెక్క వేసింది. నిమిషానికి మూడు డిగ్రీలు. ఇంకా అరగంట ఉంది. లారీ ఒకటి వెనక్కి జరుగుతోంది, డ్రైవరు ఎవరితోనో బాతాఖానీ కొడుతున్నాడు. విదాద్ కిటికీలోంచి తల బయటికి పెట్టి అరిచింది. ఏమని అరిచిందో తర్వాత గుర్తు లేదు.

రెండో అంతస్తు మెట్లు ఎక్కేటప్పుడు లస్సాద్ వెనకబడిపోయాడు.

తలుపు తోసేసరికి ఆ వాసన. వేడెక్కిన నూనె వాసన. విదాద్ కాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. ఐదు రోజుల క్రితం ఇదే వాసనలో అన్నయ్య కేక విన్నది. నేల మీద కూలబడి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని, "నీళ్లు, నీళ్లు పొయ్యండి" అన్నాడు. తను పోసింది. ఎంతసేపు పోసిందో తెలియదు.

షీరాజ్ పొగ లాగే అర ముందు నిలబడి ఉంది. గాజు తలుపు సగానికి ఎత్తి ఉంది. లోపల అరలీటరు ఫ్లాస్కు, ముదురు గోధుమరంగులో తిరుగుతోంది. షీరాజ్ కుడిచేతిలో సూది.

"విదాద్! నువ్వొచ్చావా?" ముఖం వెలిగిపోయింది. "చూడు చూడు, రంగు తిరుగుతోంది. నీళ్లే! నీళ్ల వల్లే. నీకు చెబుదామనే అనుకున్నాను కానీ ఈ పరిస్థితుల్లో..."

"చెయ్యి తియ్యి."

"ఒక్క నమూనా. రెండొందల తొంభై ఎనిమిది..."

విదాద్ గొట్టం వైపు చూసింది. లోపలి గోడ మీద సన్నగా చెమట. బొట్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి. ఒకటి బరువెక్కి మెల్లగా కిందికి జారుతోంది.

ఫ్లాస్కులోంచి చిట్, చిట్ అని చిన్న చప్పుడు వచ్చింది. పెనం మీద ఆవాలు పేలినట్టు.

గది ఎలా దాటిందో, షీరాజ్ మోచెయ్యి పట్టుకుని వెనక్కి గుంజింది. సూది నేల మీద పడింది. రెండు చేతులతో గాజు తలుపు కిందికి లాగింది. అది ఎప్పుడూ సగంలో పట్టేస్తుంది. ఇప్పుడూ పట్టేసింది. దాని మీద ఒంటి బరువంతా వేసి వేలాడింది. తలుపు దిగింది. పక్కనున్న పెద్ద స్విచ్చి కొట్టేసింది.

"ఏం చేస్తున్నావు? మూడు వారాల పని..."

బొట్టు పడింది.

గట్టి చప్పుడేం రాలేదు. తడి బట్ట రాతి మీద కొట్టినట్టు ఒక్క మోత. గాజు లోపలి వైపు అంతా ఒక్కసారిగా గోధుమరంగు అయిపోయింది. సరిగ్గా షీరాజ్ ముఖం ఉండే ఎత్తున, అరచేయంత ముద్ద గాజుకి అంటుకుని, పొగలు కక్కుతూ, మెల్లగా జారింది. జారుతూ జారుతూ నల్లబడింది.

షీరాజ్ నేల మీద కూర్చుండిపోయింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నేను... నా తల లోపలే... ఇంకొక్క క్షణం..."

విదాద్ ఆమె పక్కనే కూర్చుని పట్టుకుంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

లస్సాద్ గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు ఆ గాజు వంకే చూశాడు. తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్క గంటలో పదేళ్లు పైబడ్డట్టున్నాడు.

విదాద్ బ్యాగులోంచి కాగితం తీసింది. దాన్ని తిరగేసి, వెనక వైపు రాసింది. తేదీలు నాలుగు. ప్రతి తేదీ పక్కనా ఇరవై నిమిషాలు. నోట్‌బుక్‌లో రాసింది నిజం కాదు. మిశ్రమంలో నీరు మిగిలింది. రాసింది, చేసింది నేను. కింద సంతకం.

లస్సాద్ చదివాడు. రెండోసారి కూడా చదివాడు.

"ఇది ఇస్తే నీ పట్టా పోతుంది. పంపు సరిపోవడం లేదని నువ్వు నాకు రెండుసార్లు అర్జీ పెట్టావు. అది కూడా బయటికొస్తుంది. లాబు మూసేస్తారు."

"ఇవ్వకపోతే?"

అతను గాజు వైపు చూశాడు. కాగితం తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. వద్దనీ అనలేదు, ఇమ్మనీ అనలేదు.

* * *

ఆస్పత్రి వరండాలో దీపాలు అప్పుడే వెలిగించారు. దూరంగా మసీదు నుంచి సాయంత్రపు పిలుపు వినిపిస్తోంది.

నౌఫెల్ మంచం మీద జారగిలబడి ఉన్నాడు. కళ్ల నుంచి నుదురు దాకా తెల్లటి కట్టు. కుడి చెంప మీద మందు పూశారు. మంచం పక్క కుర్చీలో రుకయ్యా. చెప్పులు విడిచి, వాచిన పాదాలు చల్లటి గచ్చు మీద ఆనించి కూర్చుంది. సూపు ఫ్లాస్కు మూత తీయలేదు.

విదాద్‌ని చూసి ఒక్క మాట అంది. "నేను చెప్పలేదు. నువ్వే చెప్పు."

"ఎవరు? విదాదా?" నౌఫెల్ తల తిప్పాడు, కొంచెం తప్పు దిక్కుకి. "రా. ఇటు రా. ఏమైంది?"

విదాద్ మంచం చివర నిలబడి చెప్పింది. ఈసారి ఆగకుండా చెప్పింది. ఇరవై నిమిషాలు, నాలుగు తేదీలు, నోట్‌బుక్, షీరాజ్, గాజు. చెప్పి, రాసిన కాగితం వదిన ఒడిలో పెట్టింది.

"రేపు పదింటికి ఇది కమిటీకి ఇవ్వాలి వదినా. ఇవ్వడమా మానడమా నీ ఇష్టం. నాకు ఇంక ధైర్యం లేదు."

రుకయ్యా కాగితం చదివింది. మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

నౌఫెల్ ముఖంలో సగం కట్టు కింద ఉంది. మిగతా సగంలో ఏముందో విదాద్‌కి తెలియలేదు. దుప్పటి అంచుని వేళ్లతో మడుస్తున్నాడు, విప్పుతున్నాడు.

"అన్నయ్యా, ఏదైనా అను. తిట్టు."

"షీరాజ్ ఫ్లాస్కు నువ్వు ఆపేటప్పటికి ఏ రంగులో ఉంది?"

"ఏంటి?"

"రంగు. గోధుమా, నలుపా?"

"ముదురు గోధుమ. గాజు మీద జారుతూ నల్లబడింది."

అతను తల ఊపాడు. "మనదీ అంతే. రెండొందల తొంభై ఐదు దాటాక తిరిగింది. నీళ్లు లేనప్పుడు మూడొందల పది దాకా తిరగదు. ముందే పుడుతున్నాయన్నమాట, కాసిన్నే పుడుతున్నాయి. అందుకే మిగతా ఇనుమంతా వాటికే అంది, మూలలు తేరేదాకా పెరుగుతున్నాయి." కాసేపాగాడు. "నేను చూశాను. ఆ తిరగడం చూశాను విదాద్. కళ్లద్దాలకి ఆవిరి పట్టి రంగు కనిపించడం లేదని పైకి తోసుకున్నాను. ఆ కాగితంలో రాసింది అబద్ధం కాదు."

"నీళ్లున్నాయని నీకు తెలియదు కదా!"

"తెలుసు."

రుకయ్యా తల ఎత్తింది.

"చప్పుడు విన్నాను. చిట్, చిట్ అని. పన్నెండేళ్లుగా వింటున్న చెవులు, తెలియకుండా ఎలా ఉంటుంది? తలుపు దించి పక్కకి తప్పుకోవాలి. అది నేనే అందరికీ నేర్పాను. కానీ అది ఎనిమిదో నిమిషం. పుట్టడం అయిపోయి పెరగడం మొదలయ్యే చోటు. నాలుగు నెలలుగా నువ్వూ నేనూ ఆ ఒక్క చోటు కోసమే కదా దేవులాడుతున్నాం. ఈ నమూనా తప్పిపోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అనుకున్నాను. ఒక్క క్షణమే కదా అనుకున్నాను. తెలిసే సూది పెట్టాను."

రుకయ్యా భర్త వైపు చూస్తూనే ఉంది. ఐదు రోజులు ఆమె ఈ మనిషి తరఫున ఊరందరితో పోట్లాడింది. ప్రొఫెసరుతో, డాక్టర్లతో, అత్తతో, ఆడపడుచుతో. ఒక్క బొట్టు ఒలకబోయని మనిషి అని చెప్పింది. ఇంట్లో ఆరేళ్ల పాప నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతోంది.

ఆమె లేచింది. చప్పుడు కాకుండా లేచింది. చేతిసంచి భుజాన వేసుకుంది. వంగి, చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుంది. విదాద్ "వదినా" అనబోయింది. రుకయ్యా ఆమె వైపు ఒక్క చూపు చూసింది, అంతే, మాట గొంతులోనే ఆగిపోయింది. ఉత్త పాదాలతో గచ్చు మీద నడిచి వెళ్లిపోయింది. తలుపు తెరిచే ఉంది. అది కూడా మోగలేదు.

కాగితం ఆ సంచిలోనే ఉంది.

"రుకయ్యా," అన్నాడు నౌఫెల్, ఖాళీ కుర్చీ వైపు.

విదాద్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కోపం వచ్చిందని తెలుసు. మాట్లాడొద్దులే. విను చాలు." దుప్పటి మీద చెయ్యి జరిపి కుర్చీ దిక్కుగా చాపాడు. చెయ్యి గాల్లో ఆగింది. "అన్నీ చెప్పేసే రోజులా ఉంది, ఇది కూడా చెప్పేస్తాను. పొద్దున డాక్టరు కట్టు మార్చేటప్పుడు నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నావు. టార్చి వేసి కనిపిస్తోందా అని అడిగాడు. కనిపిస్తోందన్నాను. నువ్వు ఏడ్చావు, సంతోషంతో. విన్నాను."

అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయిపోయింది.

"ఏమీ కనిపించలేదు రుకయ్యా. రెండు కళ్లకీ. టార్చి వేడి తెలిసింది, అంతే. నువ్వు ఉన్నావని అలా చెప్పాను. నాకు చాలా భయంగా ఉంది. ఒక్కసారి చెయ్యి పట్టుకో."

చాపిన చెయ్యి అలాగే ఉంది. వేళ్లు వెతుకుతున్నాయి.

విదాద్ ఒక అడుగు ముందుకి వేసింది. ఆ చెయ్యి పట్టుకుంటే వదిన వెళ్లిపోయిందని తెలిసిపోతుంది. పట్టుకోకపోతే...

"రుకయ్యా?" అన్నాడు నౌఫెల్. "ఉన్నావా?"